పాడిరైతుకు తెలిసిన ప్రకృతి

తెల్లవారుజామున పాలు పిండడానికి పాకలోకి వెళ్లిన మనిషికి ఒక ఆవు మరో ఆవు మీదికి ఎక్కుతూ కనిపించిందనుకోండి. కోనసీమలోనైనా, అటు పాలకొల్లు, భీమవరం వైపునైనా ఆ ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోరు. ఎవరో ఒకరు ఫోను తీసి కృత్రిమ గర్భధారణ సూది వేసే గోపాలమిత్రకో, ఊరి పశువైద్యశాలకో కబురు పెడతారు. “ఆవు ఎదకొచ్చిందండీ, సాయంత్రం ఒకసారి వచ్చి సూది వేయాలండీ” అంటారు. పాడి చేసుకునే ఇంట్లో అది మంచి కబురు. సమయానికి సూది పడితే చూడి కడుతుంది. చూడి కడితే తొమ్మిది నెలల మీద దూడ పుడుతుంది, దానితో పాటే పాలూ వస్తాయి.

ఇంతకీ ఎదలో ఉన్నది పైకెక్కిన ఆవా, కింద నిలబడ్డ ఆవా? కొత్తగా పశువుల్ని కొన్నవాళ్లు పైకెక్కిన దాన్ని చూస్తారు. అనుభవమున్న రైతు కళ్లు కింద ఉన్నదాని మీదే ఉంటాయి. ఇంకో ఆవు బరువంతా వీపు మీద వేస్తున్నా పక్కకు తప్పుకోకుండా, కదలకుండా నిలబడిందంటే అది నిండు ఎదలో ఉన్నట్టు లెక్క. పైకెక్కేది అప్పుడప్పుడే ఎదలోకి వస్తున్నదీ కావచ్చు, ఎద దాటుతున్నదీ కావచ్చు. ఇదంతా రాత్రిపూట జరిగిపోయి ఎవరి కంటా పడకపోయినా ఆనవాళ్లు మిగులుతాయి. తోక మొదట్లో వెంట్రుకలు రేగి ఉంటాయి. డొక్కల మీద వేరే ఆవు గిట్టల బురద అంటుకుని ఉంటుంది. మానం నుంచి పలచటి జిగురు తీగలు వేలాడుతుంటాయి. పొద్దున ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున సూది వేయించాలన్న లెక్క మన రైతులందరికీ కంఠతా వచ్చు. అమెరికాలోని నెబ్రాస్కాలో ట్రింబర్గర్ అనే పశుశాస్త్రవేత్త 1940లలో ఆవుల మీద చేసిన పరిశీలనల నుంచి వచ్చిన లెక్క అది. ఆవులో ఎద ఒక పూటకు అటూ ఇటూ ఉంటుంది, అండం విడుదలయ్యేది ఎద ముగిశాక 10, 12 గంటలకు. ఆ గడియ తప్పితే మళ్లీ 21 రోజులు ఎదురుచూడాలి.

గేదెల్లో ఈ ఎక్కడం బాగా తక్కువ. అందుకే వాటిది మూగ ఎద అంటారు. గోదావరి డెల్టాలో పాడి అంటే చాలావరకు గేదెలే కాబట్టి ఈ మూగతనం వల్ల రైతుకు ఎంత నష్టమో ఇక్కడివాళ్లకు బాగా తెలుసు. ఎద కనిపెట్టలేక ఒక్కో గేదె నెలల తరబడి చూడి కట్టకుండా ఉండిపోతుంది, మేపు మాత్రం తప్పదు. ఒంటి ఆవున్న ఇంట్లోనూ ఇదే చిక్కు. మీదికి ఎక్కడానికి ఇంకో ఆవు పక్కన లేకపోతే ఎద వచ్చిన సంగతే తెలియకుండా పోతుంది. ఆడపశువు ఆడపశువు మీదికి ఎక్కడమన్నది పాడి లెక్కల్లో ఇంత ముఖ్యమైన విషయం.

సూదిలోకి వచ్చే వీర్యం సంగతి ఇంకా కొద్దిమందికే తెలుసు. దేశంలో ఘనీకృత వీర్యం తయారుచేసే చాలా కేంద్రాల్లో ఆబోతును ఉసిగొల్పడానికి ఆవును తీసుకురారు. ఇంకో ఆబోతునో, దున్ననో చట్రంలో కట్టి నిలబెడతారు. ఆబోతు దాని మీదికే ఎక్కుతుంది. పక్కన నిలబడ్డ సిబ్బంది కృత్రిమ యోనిలో వీర్యాన్ని పట్టి, పరీక్షించి, సన్నటి గొట్టాల్లో నింపి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో భద్రపరుస్తారు. గోపాలమిత్ర స్కూటరు మీద తెచ్చే సిలిండరులో ఉండేది అదే. అంటే మన ఊళ్లలో సూదితో పుట్టిన దూడల్లో ఎన్నింటికో మొదటి అంకం మగపశువు మగపశువు మీదికి ఎక్కడమే. ఎద తెలియజేసింది ఒక ఆడపశువు ఇంకో ఆడపశువు మీదికి ఎక్కడం. మన ఇంట్లో కాగే పాల వెనక ఈ రెండూ ఉన్నాయి.

ఇదే డెల్టాలో, ఇదే ఇళ్లలో, ఒక అబ్బాయి ఇంకో అబ్బాయిని ఇష్టపడ్డాడనో, ఒక అమ్మాయి ఇంకో అమ్మాయితో వెళ్లిపోయిందనో తెలిసినప్పుడు మొట్టమొదట వచ్చే మాట “ఛీ, పశువులైనా ఇలాంటి పని చేయవు” అని. ఆ మాట అనేది చాలాసార్లు పశువుల మధ్య పుట్టి పెరిగినవాళ్లే. కోపంలో, భయంలో, నలుగురిలో తల ఎత్తుకోలేమన్న బెంగలో అంటారు. వాళ్ల బాధ నిజమే కావచ్చు. మాట మాత్రం తప్పు. దీనికి సాక్ష్యం కోసం విదేశీ పరిశోధనల దాకా వెళ్లనక్కర్లేదు, పాకలోనే ఉంది.

అలాగని పాకలో చూసినదాన్ని ఉన్నదానికంటే పెద్దది చేసి చెప్పడం కూడా శాస్త్రం ఒప్పుకోదు. ఆవు ఇంకో ఆవు మీదికి ఎక్కడానికి కారణం దాని ఒంట్లో ఈస్ట్రోజెన్ పెరగడం. ఎద తీరిపోయాక ఆ రెండు ఆవులూ దేని గడ్డి అది నెమరేసుకుంటాయి. ఆబోతు విషయంలోనూ అంతే. ముందు నిలబడ్డ ఆకారాన్ని బట్టి అది స్పందిస్తుంది, వీర్య కేంద్రాల్లో చెక్కతో చేసిన బొమ్మ మీదికీ ఎక్కుతుంది. ఇవి ప్రవర్తనలు. వీటిని బట్టి ఆ ఆవుకు ఆవంటేనే ఇష్టమనో, ఆ ఆబోతుకు ఆవులంటే పడదనో అనడానికి లేదు. ఒక జంతువు ఏం చేసిందన్నది ఒక ప్రశ్న, ఎంపిక దొరికినప్పుడు దేన్ని కోరుకుంటుందన్నది మరో ప్రశ్న, ఎవరితో జతకట్టి కాపురం చేస్తుందన్నది మూడో ప్రశ్న. వార్తాపత్రికల్లో వచ్చే కథనాల్లో ఈ మూడూ కలగాపులగం అయిపోతుంటాయి.

రెండో ప్రశ్నకు గట్టి జవాబు గొర్రెల నుంచి వచ్చింది. అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని డుబోయ్ దగ్గర ప్రభుత్వ గొర్రెల పరిశోధన కేంద్రం ఉంది. మందకు వదిలిన పొట్టేళ్లలో కొన్ని ఎదలో ఉన్న గొర్రెల్ని అసలు పట్టించుకోకపోవడం అక్కడి పెంపకందారులకు పెద్ద సమస్య అయింది. పరీక్షించి చూస్తే, గొర్రెలూ పొట్టేళ్లూ రెండూ ఎదురుగా ఉన్నప్పుడు సుమారు 8 శాతం పొట్టేళ్లు ప్రతిసారీ పొట్టేళ్ల వైపే వెళ్లాయి. ఒరెగాన్‌కు చెందిన చార్లెస్ రోజెలి బృందం 2004లో వాటి మెదళ్లను పరిశీలించింది. హైపోథాలమస్‌లోని ఒక చిన్న కణాల గుంపు గొర్రెల్ని కోరుకునే పొట్టేళ్లలో ఎంత ఉందో, పొట్టేళ్లను కోరుకునే వాటిలో అందులో సగమే ఉంది. ఆడగొర్రెల్లో ఉన్న పరిమాణమూ దాదాపు అంతే. ఆ తేడా కోరికకు కారణమా, ఫలితమా అన్నది ఆ ఒక్క పరిశోధనతో తేలేది కాదు. అయినా పెంపుడు జంతువుల్లో స్థిరమైన ఇష్టం ఒకటి ఉంటుందని ఆ పొట్టేళ్లు స్పష్టంగా చూపించాయి.

మూడో ప్రశ్నకు హవాయి దీవుల్లోని లేసన్ ఆల్బట్రాస్ పక్షులు జవాబు చెబుతాయి. ఇవి ఏడాదికి ఒకే గుడ్డు పెడతాయి, జంటగా పొదుగుతాయి, ఏళ్ల తరబడి అదే జతతో ఉంటాయి. ఆడా మగా చూపుకు ఒక్కలా ఉండడంతో చూసిన ప్రతి జంటనూ ఆలుమగలే అనుకుంటూ వచ్చారు. ఓవహూ దీవిలోని కయేనా పాయింట్ దగ్గర లిండ్సే యంగ్, సహచరులు డీఎన్ఏ పరీక్ష చేసి 2008లో ఫలితాలు ప్రకటించారు. అక్కడి 125 జంటల్లో 31 శాతం ఆడ, ఆడ జంటలే. ఆ గుంపులో మగపక్షులు తక్కువ. రెండు ఆడపక్షులు జతకట్టి, వేరే మగదాని వల్ల గుడ్డు పెట్టి, వంతులవారీగా పొదిగి పిల్లను పెంచుతున్నాయి. ఆలుమగల జంటలంతగా వాటికి పిల్లలు దక్కకపోయినా, జత లేకుండా ఒంటరిగా ఉండిపోయే పక్షికంటే ఎంతో మేలు.

మళ్లీ మన నదికి వద్దాం. దక్షిణాసియా కోతుల పటంలో గోదావరికి ప్రత్యేక స్థానముంది. ఎర్రటి ముఖం, పొట్టి తోక ఉన్న రీసస్ కోతులు ఉత్తరాన, నెత్తి మీద జుట్టు టోపీలా విచ్చుకుని పొడుగు తోక ఉన్న బానెట్ కోతులు దక్షిణాన. పడమట తపతీ, తూర్పున గోదావరీ ఈ రెండు జాతుల మధ్య సరిహద్దులని జంతుశాస్త్రవేత్తలు చాలాకాలంగా రాస్తూ వచ్చారు. ఇటీవలి దశాబ్దాల్లో రీసస్‌లు గోదావరి దాటి దక్షిణానికి చొచ్చుకొస్తున్నాయి, బానెట్‌లు వెనక్కి తగ్గుతున్నాయి. మన చర్చకు పనికొచ్చే విషయం ఏమిటంటే, నదికి ఇరువైపులా ఉన్న ఈ రెండు జాతుల్లోనూ మగకోతులు మగకోతుల మీదికి ఎక్కడం మామూలే. బానెట్ మగకోతులు ఒకదానితో ఒకటి మెలిగే తీరు కోతిజాతుల్లో చాలా సౌమ్యమైనది. ఎదురుపడ్డప్పుడు కౌగిలించుకుంటాయి, పేలు చూసుకుంటాయి, పలకరింపుగా ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కర్ణాటకలో 1960లలో వీటిని అధ్యయనం చేసినవారు ఈ సంగతులు రాసిపెట్టారు.

రీసస్‌ల గురించి ఇంకా గట్టి లెక్కలున్నాయి. 1938లో క్లారెన్స్ కార్పెంటర్ అనే శాస్త్రవేత్త మన దేశం నుంచి సుమారు 400 రీసస్ కోతుల్ని ఓడలో తీసుకెళ్లి, ప్యూర్టో రికో తీరంలోని కాయో శాంటియాగో అనే చిన్న దీవిలో వదిలాడు. వాటి సంతతి ఇప్పటికీ అక్కడే స్వేచ్ఛగా తిరుగుతోంది. ఏ కోతి ఎవరి బిడ్డో తరాల తరబడి నమోదై ఉంది. లండన్ ఇంపీరియల్ కాలేజీకి చెందిన జాక్సన్ క్లైవ్, విన్సెంట్ సావొలైనెన్ బృందం మూడేళ్లు 236 మగకోతుల్ని గమనించి 2023లో ఫలితాలు ప్రచురించింది. వాటిలో 72 శాతం మగకోతులు మగకోతుల మీదికి ఎక్కాయి. ఆడకోతుల మీదికి ఎక్కుతూ కనిపించినవి 46 శాతమే. వంశవృక్షాలతో పోల్చి చూస్తే ఈ ప్రవర్తనలోని తేడాల్లో 6.4 శాతం వారసత్వంగా వస్తున్నట్టు తేలింది. జీవపరిణామ దృష్టితో చూసేవారికి అసలు ఆసక్తి కలిగించేది ఇంకొకటుంది. మగకోతులతో ఎక్కువగా కలిసినవాటికి పిల్లలు తగ్గలేదు. అలా కలిసిన జంటలు గుంపులో తగాదాలు వచ్చినప్పుడు ఒకదాని పక్షాన ఒకటి నిలబడడమూ కనిపించింది.

పిల్లలు పుట్టని కలయిక పరిణామంలో ఎలా నిలిచిందన్న ప్రశ్న చాలాకాలం శాస్త్రవేత్తలను వేధించింది. దీనికి ఒకే జవాబు కోసం వెతకడమే పొరపాటని ఇప్పుడు ఎక్కువమంది అంటున్నారు. ఈగల్లో, పురుగుల్లో ఆడా మగా గుర్తుపట్టడంలో తడబాటు ఒక కారణం. కోతుల్లో పొత్తు, సయోధ్య. ఆల్బట్రాస్‌లో మగపక్షుల కొరత. జోసె మరియా గోమెజ్ బృందం 2023లో క్షీరదాల సమాచారమంతా కూర్చి చూస్తే 261 జాతుల్లో ఈ ప్రవర్తన నమోదై ఉంది, అదీ ఎక్కువగా గుంపులుగా బతికే జాతుల్లో. జూలియా మంక్, సహచరులు 2019లో ప్రశ్ననే తిరగేశారు. జంతువుల్లో 1,500కు పైగా జాతుల్లో కనిపించే ఈ ప్రవర్తన మధ్యలో ఎక్కడో కొత్తగా పుట్టిందని ఎందుకనుకోవాలి? మొట్టమొదటి జీవులు ఆడా మగా అని ఎంచకుండా ఎదురైన ప్రతిదానితోనూ జతకు ప్రయత్నించి ఉండవచ్చు కదా, ఎంచుకోవడం తర్వాత వచ్చింది కావచ్చు కదా అని అడిగారు. ఇది ఇంకా రుజువు కావలసిన ఊహే. నాకు నచ్చింది ఆ ప్రశ్న వేసిన ధైర్యం.

ఆ ధైర్యం లేకపోవడం వల్లే ఈ విషయం వందేళ్లు మరుగున పడి ఉంది. కెప్టెన్ స్కాట్ చివరి అంటార్కిటికా యాత్రలో జార్జ్ మర్రే లెవిక్ అనే నౌకాదళ వైద్యుడున్నాడు. 1911-12లో కేప్ అడేర్ దగ్గర అడెలీ పెంగ్విన్ల గుంపును ఆయన ఒక రుతువంతా గమనించాడు. మగ పెంగ్విన్లు మగవాటితో కలవడం చూసి నివ్వెరపోయి, నోటుపుస్తకంలో ఆ సంగతుల్ని మామూలు చదువరికి అర్థం కాకుండా గ్రీకు అక్షరాల్లో రాసుకున్నాడు. ఇంగ్లండ్ తిరిగొచ్చాక పెంగ్విన్ల గురించి వెలువరించిన రచనల్లో ఆ భాగం లేదు. ప్రచురణకు కాదు అన్న షరతుతో వంద ప్రతులు మాత్రం వేసి కొద్దిమందికి పంచారు. ఆ ప్రతుల్లో ఒకటి బయటపడి, 2012లో గానీ ఆ సంగతి లోకానికి తెలియలేదు. లెవిక్ ఒక్కడిదే కాదీ సంకోచం. పొలంలో, అడవిలో ఇలాంటివి చూసినవాళ్లు ఎందరో వాటిని ఆధిపత్య ప్రదర్శన అనో, ఆట అనో, పొరపాటు అనో రాసి వదిలేశారు. 1999లో బ్రూస్ బగెమిల్ అనే కెనడా రచయిత చెల్లాచెదురుగా ఉన్న ఆ రాతలన్నిటినీ ఒకచోట చేర్చి దాదాపు 450 జాతుల వివరాలతో పెద్ద పుస్తకం తెచ్చాక గానీ వీటి గురించి బాహాటంగా మాట్లాడుకోవడం మొదలవలేదు.

ఆడా మగా అన్న విభజనే మనం అనుకున్నంత గట్టి గీత కాదని చెప్పడానికి గోదావరి తీరంలో పండుగప్పకు మించిన ఉదాహరణ లేదు. యానాం, నరసాపురం, అంతర్వేది చుట్టుపక్కల ఈ చేప పేరు చెబితే నోరూరని వారుండరు. నది సముద్రంలో కలిసే చోట ఉప్పునీటిలో దీని గుడ్లు పొదుగుతాయి. పిల్లలు కోరంగి మడ అడవుల్లాంటి చోట్ల పాయల్లోకి, కయ్యల్లోకి, అక్కణ్ణుంచి మంచినీటిలోకి ఎదురెక్కి పెరుగుతాయి. కొన్నేళ్లకు మగచేపలుగా పెద్దవై, గుడ్ల కాలానికి మళ్లీ ముఖద్వారానికి దిగుతాయి. అలా మగగా కొన్నాళ్లు గడిపాక వాటి వృషణాలు అండాశయాలుగా మారిపోతాయి. కిలోన్నర నుంచి రెండున్నర కిలోల చేపల్లో ఎక్కువ మగవే, నాలుగు నుంచి ఆరు కిలోలకు చేరేసరికి ఎక్కువ ఆడవే. మీరు మార్కెట్‌లో కొనే కిలో, రెండు కిలోల పండుగప్పకు ఆడదయ్యే వయసు ఇంకా రాలేదన్నమాట.

చేప పెరిగిన కొద్దీ ఎక్కువ గుడ్లు పట్టగలదు కాబట్టి పెద్ద ఒంటితో ఆడదై ఉండడం లాభం, చిన్న ఒంటితో మగదై ఉన్నా నష్టం లేదు. ప్రకృతి ఆ లెక్కనే ఎంచుకుంది. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ 1997లో ఈ చేపను మన దేశంలో మొదటిసారి హేచరీలో గుడ్లు పెట్టించగలిగింది. ఆ పని చేసేవారు పెద్ద ఆడచేపల్నీ, వాటికంటే చిన్న మగచేపల్నీ విడివిడిగా ఎంచి తల్లిచేపల ట్యాంకుల్లో పెట్టాలి. ఒకే వయసు చేపలు ఒక్కచోట పెడితే అన్నీ మగవే అయిపోయే ప్రమాదముంది. ఆడా మగా పాత్రలూ అంత గట్టి గీతలు కావు. తామరాకుల మీద పొడుగు వేళ్లతో నడిచే నీటికోళ్లను కొల్లేటిలో చూసే ఉంటారు. వాటిలో ఆడదే పెద్దది, అది ఒకటికి మించి మగవాటితో జతకడుతుంది. గుడ్లు పొదిగేది, పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని తిరిగేది మగది. మన పెద్దలకు ఇలాంటి ఆలోచన కొత్త కాదు. ఆత్రేయపురం దగ్గర ర్యాలిలో ఒకే శిలలో ముందు కేశవస్వామి, వెనక జగన్మోహిని. అది చూడడానికి జనం తరతరాలుగా వెళ్తున్నారు, భక్తితో దండం పెట్టుకుని వస్తున్నారు.

అయితే పండుగప్ప గురించి పెంపకందారు చెప్పే ఇంకో సంగతి కూడా ఇక్కడ చెప్పి తీరాలి. హేచరీలో, నర్సరీ చెరువులో ఈ పిల్లల్ని కొన్ని రోజులకోసారి సైజుల వారీగా వేరు చేయకపోతే పెద్దవి చిన్నవాటిని మింగేస్తాయి. ఒకే తల్లి గుడ్లలోంచి వచ్చిన తోబుట్టువుల్నే తినేస్తాయి. గ్రేడింగ్ చేయని రైతుకు చివరికి మిగిలేది గుప్పెడు బలిసిన పిల్లలే. ఇదీ ప్రకృతే. లింగం మార్చుకోవడం ఎంత సహజమో, తమ్ముణ్ణి తినేయడం ఈ చేపకు అంతే సహజం.

“జంతువులు చేస్తాయి, కాబట్టి ఇది సహజం, కాబట్టి ఇది సరైనది” అన్న వాదన ఇందుకే నిలవదు. స్వలింగ సంబంధాలను సమర్థించే మిత్రులు కొందరు పెంగ్విన్ల కథలతో ఈ వాదనకు దిగుతారు. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ జూలో రాయ్, సైలో అనే రెండు మగ పెంగ్విన్లు 1998 నుంచి జంటగా ఉండి, జూ సిబ్బంది ఇచ్చిన గుడ్డును పొదిగి టాంగో అనే పిల్లను పెంచాయి. ఒక వర్గం వాటిని ఆదర్శ దంపతులుగా చేసింది. 2005లో సైలో ఒక ఆడ పెంగ్విన్‌తో జతకట్టేసరికి, ఇంకో వర్గం “చూశారా, మారిపోయింది” అని సంబరపడింది. ఈ రెండు వర్గాలూ పెంగ్విన్ నెత్తిన మోయలేని బరువు పెట్టాయి. ఉన్నదాన్ని బట్టి ఉండాల్సినదాన్ని తేల్చలేమని స్కాట్లాండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 18వ శతాబ్దంలోనే హెచ్చరించాడు. బలిసినవాడు బక్కవాణ్ణి దోచుకోవడాన్ని పండుగప్పను చూపించి సమర్థిస్తే ఒప్పుకుంటామా? అలాంటప్పుడు ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి కలిసి బతకడాన్ని ఆవును చూపించి ఖండించడమూ, పెంగ్విన్‌ను చూపించి సమర్థించడమూ రెండూ కుదరవు. దాన్ని మనుషుల కొలతలతోనే తూచాలి. ఎవరికైనా హాని జరిగిందా? ఇద్దరికీ ఇష్టమేనా? ఎవరినైనా బలవంతపెట్టారా, మోసం చేశారా? నా మట్టుకు నాకు ఈ ప్రశ్నలు దాటి అడగాల్సింది ఏమీ కనిపించదు.

జంతువుల వల్ల ఒక్క ఉపయోగం మాత్రం ఉంది, అది చిన్నదేమీ కాదు. నిషేధానికి “ప్రకృతి విరుద్ధం” అన్న ఒక్క కారణమే చూపించినప్పుడు, ఆ కారణం అబద్ధమని అవి సాక్ష్యం చెబుతాయి. మన దేశంలో ఆ కారణం చట్టంలోనే రాసి ఉండేది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ ప్రకృతి క్రమానికి విరుద్ధమైన సంభోగాన్ని నేరమంది, యావజ్జీవ శిక్ష దాకా వేయవచ్చంది. ఏది ప్రకృతి క్రమమో ఆ సెక్షన్ చెప్పలేదు. దాన్ని రాసిన బ్రిటిష్ వాళ్లు ప్రకృతిని పరిశీలించి రాయలేదు, తమ దేశపు మతవిశ్వాసాన్ని మన మీద చట్టంగా రుద్దారు. 2009లో ఢిల్లీ హైకోర్టు నాజ్ ఫౌండేషన్ కేసులో దాని కోరలు పీకింది. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. చివరికి 2018 సెప్టెంబరు 6న నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా, ఇష్టపడిన వయోజనుల మధ్య సంబంధం నేరం కాదని తేల్చింది. చరిత్ర ఈ మనుషులకూ, వారి కుటుంబాలకూ క్షమాపణ చెప్పాల్సి ఉందని జస్టిస్ ఇందు మల్హోత్రా తన తీర్పులో రాశారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. అమెరికాలోనూ ఇలాంటి ఘట్టం నడిచింది. 2003లో టెక్సస్ రాష్ట్ర చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసిన లారెన్స్ కేసులో, మనోవైద్యుల సంఘం సమర్పించిన పత్రంలో బగెమిల్ పుస్తకం ప్రస్తావన ఉంది.

మన దేశంలో పెళ్లి హక్కు విషయంలో కథ వేరేలా ముగిసింది. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వడం పార్లమెంటు పని అని వదిలేసింది. ఆ కేసు సుప్రియో పేరు మీదే నడిచింది. హైదరాబాద్‌లో ఉండే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబరులో బంధుమిత్రుల మధ్య వేడుక చేసుకున్న జంట. ఆ ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. స్వలింగ వివాహం కోరడం నగరాల్లోని ఉన్నతవర్గాల ఆలోచన మాత్రమేనని కేంద్రం వాదించింది. పల్లెలో పొలం పని చేసే ఆడమనిషికీ ఇలాంటి ప్రేమ ఉండవచ్చని అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ ఆ తీర్పులోనే జవాబిచ్చారు. ఆ ఒక్క వాక్యం గోదావరి జిల్లాల్లో ప్రతి ఊరి వాళ్లూ వినాల్సింది.

ఎందుకంటే మన ఊళ్లలో ఈ సంగతి కోర్టు దాకా వెళ్లదు, ఇంట్లోనే తేలిపోతుంది. “పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది” అంటారు. సంబంధం చూస్తారు, ముహూర్తం పెడతారు. ఆ అబ్బాయి బతుకుతో పాటు ఏ పాపం తెలియని ఒక అమ్మాయి బతుకు కూడా అందులో ఇరుక్కుంటుంది. అమ్మాయి అయితే బలవంతంగా అత్తారింటికి పంపిస్తారు. కొందరు భూతవైద్యుల దగ్గరికి, కొందరు మాత్రలిచ్చి మాన్పిస్తామనే వాళ్ల దగ్గరికి తిరుగుతారు.  ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17నే స్వలింగాసక్తిని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. భారత మనోవైద్యుల సంఘం కూడా 2018లో ఇది జబ్బు కాదని ప్రకటించింది. జబ్బే కానిదానికి మందు ఎక్కణ్ణుంచి వస్తుంది?

మదురై నుంచి చెన్నైకి పారిపోయి వచ్చిన ఇద్దరు అమ్మాయిల కేసులో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్ తనకు ఈ విషయం సరిగా తెలియదని చెప్పి, నిపుణుల దగ్గర కూర్చుని తెలుసుకుని మరీ 2021 జూన్ 7న ఉత్తర్వులిచ్చారు. ఇష్టాన్ని మార్చే వైద్యాన్ని నిషేధించాలన్నారు. ఆ కేసులో ఇచ్చిన ఆదేశాల మేరకే 2022లో జాతీయ వైద్య కమిషన్, అలాంటి చికిత్స చేయడం వైద్యుడికి వృత్తిపరమైన దుష్ప్రవర్తన అవుతుందని రాష్ట్రాల వైద్య మండళ్లన్నిటికీ రాసింది. బిడ్డను వెంటబెట్టుకుని రాజమండ్రికో, కాకినాడకో, విజయవాడకో మాన్పించడానికి బయలుదేరే తల్లిదండ్రులు బస్సెక్కే ముందు ఈ ఒక్కటి తెలుసుకోవాలి. మాన్పిస్తానని చెప్పే డాక్టరు నియమం తప్పుతున్నాడు. అతని మీద రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేసే హక్కు మీకుంది, మీ బిడ్డకూ ఉంది.